సంతానాపేక్ష – బీమా ధనము – శరణ ధర్మము

వివాహమై కొన్ని సంవత్సరములు గడచినను బిడ్డ కలుగని దంపతులను లోకము ప్రశ్నించు తీరు ఒకటి కలదు. పెండ్లిండ్లలోను, తొట్టెల పండుగలలోను, మఠములో జాతర జరుగు దినములలోను "ఏమైనా విశేషమా?" అను రెండు మాటలతో ఆ ప్రశ్న మొదలగును. వైద్యులకు చూపించుకొంటిరా యనునది రెండవ ప్రశ్న. ఇటీవలి కాలమున మూడవ ప్రశ్న యొకటి వచ్చి చేరినది: ఆ వైద్యమునకు అగు ఖర్చు ఎవరు భరింపవలెను? మొదటి రెండు ప్రశ్నలును ఇంటి గడప లోపలివి. మూడవది మాత్రము సంఘమునకు సంబంధించినది. ఏలయన, ఆ ఖర్చును బీమా చెల్లించినచో, వాస్తవమునకు దానిని చెల్లించువారు ఆ బీమాలో చేరి యేటేట ప్రీమియము కట్టు వేలాది కుటుంబములవారే. పరుల ధనము తన యింటి ఉయ్యాలకు చేరునపుడు, ఆ యింటివారి నిర్ణయము ఏ విధముగ మారును? ఆ మార్పు మంచిదేనా? శరణుల బోధ వెలుగులో దీనిని విచారించుట యీ వ్యాసోద్దేశము.

సంతానలేమి అరుదైన దుఃఖమేమియు కాదు. లోకమున ప్రతి ఆరుగురు వయోజనులలో ఒకరు జీవితములో ఎప్పుడో ఒకప్పుడు దీనిని అనుభవింతురని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించినది. సంవత్సర కాలము దాంపత్యము సాగినను గర్భము నిలువనిచో దానిని సంతానలేమిగా పరిగణింతురు. లోపము స్త్రీయందే ఉండుననుట అజ్ఞానము. ఇంచుమించు సగము జంటలలో పురుషుని లోపమును పాలు పంచుకొనుచున్నదని వైద్యులు చాలకాలముగా చెప్పుచున్నారు. 1978 జూలైలో ఇంగ్లండునందు తొలి టెస్ట్‌ట్యూబు శిశువు జన్మించినది. అదే సంవత్సరము అక్టోబరులో కలకత్తాలో డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయ కృషివలన రెండవ శిశువు జన్మించినది. ఆ వైద్యుని నాటి ప్రభుత్వము నమ్మలేదు. 1981లో ఆయన ఆత్మహత్య చేసికొనెను. నాడు నమ్మశక్యము కాని ఆ విద్య నేడు జిల్లా కేంద్రములలోని వీధి గోడలమీద ప్రకటనయై వ్రేలాడుచున్నది.

జహీరాబాదు ప్రాంతమున కిరాణా దుకాణము నడుపుకొను ఒక లింగాయత కుటుంబమును ఊహించుకొనవచ్చును. భర్తకు ముప్పదినాలుగేండ్లు, భార్యకు ముప్పదియొకటి. పెండ్లియై ఏడేండ్లు. ఆమెను ఇప్పటికి ముగ్గురు వైద్యులకు చూపినారు. చివరకు హైదరాబాదులో ఐ.వి.ఎఫ్. చేయించుమని చెప్పిరి. ఒక్క ప్రయత్నమునకే లక్ష రూపాయలు దాటును; రెండు లక్షలు దాటుటయు కలదు. ఆ ప్రయత్నము ఫలించునన్న హామీ లేదు. దుకాణముమీద అప్పు, అత్తగారు ఇచ్చిన బంగారము, ఎకరమున్నర పొలము — ఇవి వారి ఆస్తి. ఇంటిల్లిపాదికి ఆరోగ్య బీమా ఉన్నదిగదా యని భర్త ఆ కాగితములు తీసి చూచును. అందు "వంధ్యత్వ చికిత్స" మినహాయింపుల పట్టికలో నుండును.

ఇది ఆ కుటుంబమునకు మాత్రమే పట్టిన దురదృష్టము కాదు. భారతదేశములో బీమా నియంత్రణ ప్రాధికార సంస్థ 2019లో ఆరోగ్య పాలసీలలోని మినహాయింపులను ఒకే పదజాలములోనికి తెచ్చినపుడు, కంపెనీలు కోరినచో మినహాయించుకొనదగిన వానిలో సంతానలేమి చికిత్సయు, ఐ.వి.ఎఫ్. వంటి పద్ధతులును చేరినవి. అప్పటినుండి కొన్ని పాలసీలు దీనికి కొంత మొత్తము ఇచ్చుచున్నను, ముందుగా ఏండ్ల తరబడి నిరీక్షింపవలెనను నియమము పెట్టుచున్నవి. ఈ నిరీక్షణలో ఒక చిక్కు కలదు. ముప్పదియైదేండ్లు దాటిన స్త్రీకి రెండు మూడేండ్లు చిన్న కాలము కాదు. కంపెనీకి అది లెక్క సరిచూచుకొను గడువు. ఆమెకు అది అండముల ఆయువు తరుగు కాలము. ధనము చేతికందునాటికి ఆ ధనముతో కొనవలసినది చేజారిపోవచ్చును.

బీమాను దాసోహముతో పోల్చుట కొందరికి అలవాటు. పలువురు ఇచ్చినది ఒకని ఆపదకు చేరుటయే రెండింటి రూపమని వారి వాదము. ఈ పోలిక సగము మాత్రమే సరియైనది. దాసోహమునందు ఇచ్చువాడు తాను ఇచ్చుచున్నానని తలంపరాదు. కాయకముచే వచ్చినది లింగ జంగమములకు చెందినదేయని సమర్పించును. తిరిగి వచ్చునన్న లెక్క ఉండదు. బీమా ఒక ఒడంబడిక. నాకు రావచ్చునను లెక్కతోనే అందులో చేరుదురు. అయినను ఒక విషయమున బీమా దాసోహమునకు దగ్గరగా వచ్చును: ఉమ్మడి పాత్రలో వేసిన బియ్యములో ఎవరి గింజ ఎవరి నోట పడెనో చెప్పుట అసాధ్యము. పిల్లలు పెద్దవారైన వృద్ధ దంపతులు, పెండ్లియే వలదనుకొన్న విరక్తులు, సంతానము కలిగి చాలించుకొన్నవారు — వీరందరి గింజలును ఆ పాత్రలో నుండును. అట్టి పాత్రలోనుండి తీసికొనువాడు ఎంత తీసికొనవలెనను ప్రశ్న దాసోహమునకు ఎంత ముఖ్యమో బీమాకును అంతే ముఖ్యము.

ఈ "ఎంత" యను మాటకు సంతాన చికిత్సలో ఒక ప్రత్యేకార్థము కలదు. అది ఎరుగనిదే బీమా ఏమి చేయునో బోధపడదు.

ఐ.వి.ఎఫ్. పద్ధతిలో స్త్రీ అండములను వెలికి తీసి, పురుష బీజముతో ప్రయోగశాలలో కలిపి, ఏర్పడిన పిండములను గర్భాశయములో ప్రవేశపెట్టుదురు. ఒక్క పిండమును పెట్టవచ్చును. రెండు, మూడు, నాలుగు పెట్టినవారును కలరు. ఎక్కువ పెట్టినకొలది గర్భము నిలుచు అవకాశము పెరుగును. దానితోపాటు కవలలు, ముగ్గురు ఒకే కానుపులో కలుగు ప్రమాదమును పెరుగును. ప్రమాదమనుటకు కారణము కలదు. అట్టి కానుపులలో శిశువులు నెలలు నిండక తక్కువ బరువుతో పుట్టుట, వారాల తరబడి గాజు పెట్టెలో నుండవలసివచ్చుట, కొందరు దక్కకపోవుట, తల్లికి రక్తపు పోటు, అధిక రక్తస్రావము కలుగుట సాధారణము. గర్భములో ముగ్గురు నలుగురు నిలిచినపుడు ఒకరిద్దరిని తొలగింపుమని వైద్యుడే సలహా ఇయ్యవలసివచ్చును. ఎనిమిదవ మాసమున గర్భస్థ శిశువునకే లింగధారణ చేయు ఆచారము గల సమాజమునకు ఈ సలహా ఎంత బరువైనదో వేరుగ చెప్పనక్కరలేదు. బిడ్డకొరకు తపించి తపించి, కలిగిన బిడ్డలలో ఎవరిని ఉంచవలెనో తేల్చుకొనవలసిన తల్లి దుఃఖమునకు ఏ భాషలోను పేరు లేదు.

మరి ఇన్ని పిండములను ఎవరు కోరుదురు? అత్యాశాపరులు కోరుదురనుకొనుట పొరపాటు. తరచుగా పేదవారే కోరుదురు. ఎకరమున్నర పొలము కుదువబెట్టి ఒక్కసారి మాత్రమే ప్రయత్నింపగలవాడు, "ఉన్నవన్నియు పెట్టుడు, మరల రాలేము" అనును. అది పేరాశ పలికించిన మాట కాదు, భయము పలికించినది. ఇక్కడనే బీమా మానవ నిర్ణయమును మార్చుచున్నది. అమెరికాలో కొన్ని రాష్ట్రములు ఈ చికిత్సకు బీమా తప్పనిసరిగా వర్తింపవలెనని చట్టములు చేసినవి. మసాచుసెట్స్ రాష్ట్రము 1987లోనే చేసినది. 2002లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అను వైద్య పత్రికలో వెలువడిన ఒక పరిశీలన, పూర్తి బీమా గల రాష్ట్రములను, లేని రాష్ట్రములను పోల్చి చూచినది. బీమా ఉన్నచోట చికిత్స చేయించుకొనువారు ఎక్కువైరి. ఇది ఎవరైనను ఊహింపగలిగినదే. కాని ఒక్కొక్క ప్రయత్నమున ప్రవేశపెట్టిన పిండముల సంఖ్య అచ్చట తగ్గినది. ముగ్గురు, అంతకు మించిన శిశువుల గర్భములును తగ్గినవి. మరల రావచ్చునను ధైర్యము కలిగినవారు తక్కువతో తృప్తి పొందిరి.

బెల్జియము దేశము ఈ సత్యమును చట్టముగనే మార్చుకొన్నది. 2003 జూలైనుండి అచ్చట నలువదిమూడేండ్ల లోపు స్త్రీలకు ఆరు ప్రయత్నముల వరకు ప్రయోగశాల ఖర్చును ప్రజా బీమా భరించుచున్నది. అందుకు ప్రతిగా ఒక నియమము పెట్టిరి: ముప్పదియారేండ్ల లోపు స్త్రీకి మొదటి ప్రయత్నమున ఒక్క పిండమునే పెట్టవలెను, వయస్సు, ప్రయత్నముల సంఖ్య పెరిగినకొలది మాత్రమే ఆ పరిమితిని సడలింపవలెను. కవల గర్భములు సుమారు సగమునకు తగ్గినవి. నెలలు నిండని శిశువుల వైద్యమునకు అగు వ్యయము మిగులును గనుక ఆ మిగులుతోనే ఈ చికిత్సకు ధనము సమకూర్చవచ్చునని వారు ముందే లెక్క వేసికొనిరి. కెనడాలోని క్యూబెక్ 2010లో ఇట్లే ఉచిత చికిత్సను, ఒక్క పిండము నియమమును కలిపి ప్రవేశపెట్టగా, అంతకు ముందు చికిత్సవలన నిలిచిన గర్భములలో నాలుగవ వంతునకు పైగా ఉన్న బహుశిశు గర్భములు నూటికి పది లోపునకు దిగినవి. అయితే చికిత్సకు వచ్చువారు ఊహింపనంతగా పెరిగిరి. ఖర్చు మోయలేక 2015లో దానిని నిలిపివేసి, 2021లో ఒక్క ప్రయత్నమునకు పరిమితము చేసి మరల తెచ్చిరి.

కల్యాణమున శరణుల కాలములో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ యను దంపతులు ఉండిరి. నేల రాలిన బియ్యపు గింజలు ఏరుట మారయ్య కాయకము. ఒకనాడు ఆయన నిత్యముకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ దానిని చూచి, ఇది నేటి మన అవసరమునకు మించినది, మన కాయకమునకు చెందినది కాదు, తీసికొనిపోయి అక్కడనే పోసి రమ్మనెను. బీదరాలైన ఆ యిల్లాలు మిగులును తిరస్కరింపగలుగుటకు కారణమేమి? వైరాగ్యమని చెప్పుదురు; అది నిజమే. దానితోపాటు మరియొక కారణమును గలదు. రేపు ఏరుకొనుటకు గింజలుండునను నిశ్చింత ఆమెకు కల్యాణము ఇచ్చినది. బసవేశ్వరుని మహామనె చుట్టును ఉన్న ఆ సమాజములో ఆకలితో పండుకొనబెట్టరను నమ్మకము ఉన్నందుననే ఆ తిరస్కారము సాధ్యమైనది. రేపటి నమ్మిక లేని పేదవానిని పట్టి "నీకేల యింత ఆశ?" యని మందలించుట సులభము; అది లక్కమ్మ బోధ కాదు. ఒక్క పిండము చాలునని దంపతులు అనగలుగుటకు రెండవ ప్రయత్నమునకు దారి ఉండవలెను. బెల్జియము చేసినది అదియే.

ఈ పోలిక ఒకచోట తెగిపోవును. దానిని దాచుట తగదు. లక్కమ్మ మిగిలిన గింజలను తిరిగి పోయించినది. ప్రయోగశాలలో మిగిలిన పిండములను అట్లు తిరిగి పోయుటకు చోటు లేదు. వానిని అతిశీతలములో భద్రపరతురు. భారతదేశములో 2021లో వచ్చిన సహాయక పునరుత్పత్తి సాంకేతికత నియంత్రణ చట్టము పదేండ్ల వరకు దీనిని అనుమతించినది. పదేండ్ల తరువాత వాని గతి యేమను ప్రశ్నకు ఆచార్యులు, మఠాధిపతులు విచారించి చెప్పవలసినది చాలనున్నది. అది వేరొక వ్యాసమునకు తగిన విషయము.

బీమా తీసివేసినచో ఏమగునో జర్మనీ చూపినది. అచ్చట 2004 వరకు ప్రజా బీమా సంస్థలు నాలుగు ప్రయత్నములకు పూర్తి ఖర్చు నిచ్చెడివి. ఆ సంవత్సరమునుండి మూడు ప్రయత్నములకు, అందును సగము మాత్రమే ఇయ్యసాగినవి. చికిత్సల సంఖ్య ఒక్కసారిగా ఇంచుమించు సగమునకు పడిపోయినది. బిడ్డ కావలెనను కోరిక సగము మందిలో ఒక్క సంవత్సరములో చచ్చిపోయినదా? లేదు. కోరిక అట్లే యున్నది, దారి మూసికొన్నది. కనుక చికిత్సకు వచ్చువారి సంఖ్యను చూచి కోరికను కొలుచుట తప్పు.

ఇక ఆలస్యమును గూర్చి. ఎట్లును వైద్యము ఉన్నదిగదా, బీమా చెల్లించునుగదా యని యువతులు పెండ్లిని, కానుపును వాయిదా వేయుదురని ఒక ఆక్షేపణ కలదు. ఇది పూర్తిగా నిరాధారము కాదు. ఇజ్రాయెల్ దేశము ఈ విషయమున ఉదారమైనది. నలువదియైదేండ్ల వరకు, రెండు బిడ్డలు కలుగువరకు అచ్చట ఐ.వి.ఎఫ్. ఉచితము. 1994 నాటి మార్పు తరువాత ఆ దేశ స్త్రీల జీవితములను పరిశీలించిన గెర్షొనీ, లో అను ఇద్దరు ఆర్థిక శాస్త్రవేత్తలు, వారు మునుపటికంటె ఆలస్యముగా వివాహమాడిరనియు, ఎక్కువ మంది కళాశాల విద్య పూర్తి చేసిరనియు కనుగొనిరి. దీనిని దోషముగా చెప్పువారు ఆగి ఆలోచింపవలెను. అక్క మహాదేవికి, ముక్తాయక్కకు, సత్యక్కకు అనుభవ మంటపమున పీట వేసిన సంప్రదాయములో పుట్టినవారు, కూతురు చదివినందున కొంప మునిగెననుట శోభించునా?

చింతింపవలసినది వేరొకటి. బీమా ధనమును ఇయ్యగలదు గాని వయస్సును వెనుకకు త్రిప్పలేదు. నలువది దాటిన పిమ్మట సొంత అండముతో గర్భము నిలుచుట చాల కష్టమని వైద్యులందరును చెప్పుదురు. అందుచేతనే జపాను 2022 ఏప్రిలునుండి ఈ చికిత్సను ప్రజా బీమాలో చేర్చినపుడు, నలువదేండ్ల లోపు వారికి ఒక్కొక్క బిడ్డకు ఆరు పర్యాయములు, నలువది మొదలు నలువదిరెండు వరకు మూడు పర్యాయములు అని గిరి గీసినది. నలువదిమూడు నిండినచో లేదు. బ్రిటనులో 2013 నాటి వైద్య మార్గదర్శకములు నలువది లోపు వారికి మూడు, ఆపైన నలువదిరెండు వరకు ఒకటి అనినవి. ఆంధ్రదేశమునకు ఈ విషయము కొత్త కాదు. 2019 సెప్టెంబరులో గుంటూరునందు డెబ్బదేండ్లు దాటిన తూర్పు గోదావరి జిల్లా మహిళ ఒకరు ఈ పద్ధతిలో కవల ఆడపిల్లలకు జన్మనిచ్చిరి. పత్రికలు దానిని వింతగా వ్రాసినవి. అరువది యేండ్లకు దగ్గరగా గొడ్రాలను మాట పడిన ఆ తల్లిని నిందించుట ఎవరి తరము? ఆమెను ఆ వయస్సులో అక్కడకు నడిపించిన మాటలు ఊరివారివి. 2021 చట్టము ఈ సేవలకు స్త్రీకి ఏబది, పురుషునకు ఏబదియైదు ఏండ్ల పరిమితి విధించినది.

ఇంతవరకు చెప్పినదానిని బట్టి బీమా మేలే చేయుచున్నదనిపించును. భయము తగ్గించినది, ప్రమాదము తగ్గించినది, పేదవానికి తలుపు తెరచినది. కాని ఆ తలుపు తెరచుకొనుటలో ఒక కష్టము దాగియున్నది. దానిని గూర్చి మాట్లాడువారు తక్కువ.

"మాకు అంత ఖర్చు అందదు" అను మాట వేలాది యిండ్లలో ఒక డాలుగా నిలిచియున్నది. చికిత్స వలదనుకొను కోడలికి అత్తవారియింట ఇయ్యదగిన గౌరవప్రదమైన సమాధానము అదొక్కటియే. అందులో ఎవరి తప్పును లేదు; దేహ లోపమును లేదు, కోరిక లేకపోవుటయు లేదు; చేతిలో డబ్బు లేదు, అంతే. బీమా వచ్చిన దినమున ఆ డాలు తొలగిపోవును. "ఊరకే వచ్చుచుండగా ఎందుకు చేయించుకొనవు?" అను ప్రశ్న మరునాడే పుట్టును. ఊరకే వచ్చునది ఎవరికి? ధనము ఇచ్చువారికి అది ఊరకే. దేహము ఇచ్చువారికి కాదు. పదిపన్నెండు దినములు ప్రతిదినము పొట్టలో సూదులు, మాటిమాటికి రక్తపరీక్షలు, స్కానింగులు, మత్తుమందు ఇచ్చి సూదితో అండములు తీయుట, అటుపిమ్మట రెండు వారముల నిరీక్షణ, ఒక సాయంకాలము ఫోనులో వచ్చు "నిలువలేదు" అను మాట. మందుల తీవ్రతకు అండాశయములు ఉబ్బి ప్రాణముమీదికి వచ్చుటయు అప్పుడప్పుడు జరుగును. లోపము భర్తదైనను ఈ సూదులు భార్యకే. పురుష బీజము బలహీనమైనపుడు ఒక్క కణమును తీసి అండములోనికి గ్రుచ్చు పద్ధతి 1992నుండి వచ్చినది. అది గొప్ప విద్యయే గాని, ఆ అండము తీయవలసినది ఆమె దేహమునుండియే గదా.

ఉచితమైనదానిని ఎన్నిసార్లకు చాలించవలెను? సొంత ధనము ఖర్చు చేయువాడు ధనము అయిపోయినపుడు ఆగును. అది క్రూరమైన హద్దు, అయినను హద్దే. బీమా ఆ హద్దును తీసివేసినపుడు, ఆగుట దంపతుల నోటితో పలుకవలసిన మాట యగును. "ఇంక చాలు" అనుట బిడ్డను తామే వద్దన్నట్లు వారికి తోచును. ఈ దృష్టితో చూచినచో జపాను, బ్రిటను, బెల్జియములు గీసిన గిరులు పిసినారితనముగా కనబడవు. ఆరు పర్యాయములైన పిదప "నియమము ఇంతటితో తీరినది" అని కాగితము చెప్పును. ఆ మాట భార్య చెప్పనక్కరలేదు. లోభముతో గీసిన గీతకు, దయతో గీసిన గీతకు భేదము కలదు. నిరీక్షణ కాలము పెట్టి వయస్సును హరించునది మొదటిది; ప్రయత్నములకు సంఖ్య పెట్టి విశ్రాంతి నిచ్చునది రెండవది. బీమాలో ఈ చికిత్సను చేర్చుమని కోరువారు ఈ రెండింటిని వేరుపరచి అడుగవలెను.

ఈ విషయమున వీరశైవునకు ఇతరులకు లేని స్వేచ్ఛ ఒకటి కలదు; దానిని ఆతడు మరచినాడు. పుత్రుడు లేనివానికి గతి లేదను భావము శ్రాద్ధ తర్పణములపై ఆధారపడినది. లింగైక్యమైన భక్తునకు పిండములతో పనిలేదు. అతనిని ఉద్ధరించుటకు కుమారుడు నీరు విడువనక్కరలేదు. జనన సూతకమును, రజస్సూతకమును త్రోసిపుచ్చిన మతములో స్త్రీ గర్భము ఫలించినందున పవిత్రమగుటయు, ఫలింపనందున అపవిత్రమగుటయు లేదు. మఠములను చూడుడు. అచ్చట వంశము రక్తముచే సాగదు. గురువు హస్త మస్తక సంయోగముతో శిష్యుడు జన్మించును. శూన్య సింహాసనముపై అల్లమప్రభువు తరువాత చెన్నబసవన్న, ఆయన తరువాత సిద్ధరాముడు కూర్చుండిరని సంప్రదాయము. అందు ఎవరును ఎవరికి కుమారుడు కాడు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పిన బెజ్జమహాదేవి, శివునకు తల్లి లేదని వగచి, తల్లియే యున్నచో విషము త్రాగనిచ్చునా, తల జడలు కట్టనిచ్చునా యని తలపోసి, తానే తల్లియై ఆతనికి నీళ్ళు పోసి, పాలు త్రావించినది. తెలుగు వీరశైవుల యిండ్లలో ఈ కథ తెలియని ముసలమ్మ ఉండదు. ఆ కథ చెప్పిన నోటితోనే శుభకార్యమునకు బిడ్డలు లేని యిల్లాలిని వెనుకకు జరుగుమనుట ఎట్లు పొసగును?

ఇట్లు చెప్పుటవలన బిడ్డ కావలెనను కోరిక తక్కువదని భావింపరాదు. శరణులు సంసారులు, ఇల్లు విడిచి పొమ్మని వారు చెప్పలేదు. బిడ్డను కోరుట మోహమని కొట్టివేసి, దంపతులను ఓదార్పు మాటలతో పంపివేయు ఉపదేశకుడు తన సుఖము చూచుకొనుచున్నాడు. పెంపకమునకు ఒక బిడ్డను తెచ్చుకొనుమను సలహాయు అట్టిదే. అది మంచి మార్గము, కాని ఇద్దరును మనసార కోరుకొన్నపుడే. జ్వరమునకు, విరిగిన కాలికి చెల్లించు ఉమ్మడి ధనము, దేహములోని మరియొక లోపమునకు చెల్లింపరాదనుటకు న్యాయము లేదు. గోవాలోను, 2023లో హైదరాబాదు గాంధీ ఆసుపత్రిలోను ప్రభుత్వములు ఈ చికిత్సకు కేంద్రములు తెరచుట ఆ న్యాయమును గుర్తించుటయే. కోరుకొనువారికి దారి ఉండవలెను. కోరుకొననివారికి, కోరి కోరి అలసినవారికి ఆ దారిలో నడువక నిలుచు చోటును ఉండవలెను. మొదటిది బీమా ఇయ్యగలదు, ప్రభుత్వము ఇయ్యగలదు. రెండవది ఇంటివారు, బంధువులు, మఠము తప్ప మరెవరును ఇయ్యలేరు.

జహీరాబాదు దంపతుల మాట మిగిలియున్నది. వారికి రేపు బీమా దొరకినదనియే అనుకొందము. హైదరాబాదు ఆసుపత్రిలో ఒక కాగితము ముందు పెట్టుదురు. అందు ఎన్ని పిండములు పెట్టవలెనో వ్రాసి భార్యాభర్తలిద్దరును సంతకము చేయవలెను. దానికంటె ముందు మరియొక కాగితము ఉండవలసినది, వారి సంచిలో లేదు. ఏడేండ్లలో ఆమె పరీక్షల కాగితములు ఒక లావుపాటి కట్టయైనవి; ఆతని పేరుమీద ఒక్కటియు లేదు. పురుషుని బీజ పరీక్షకు అగునది కొన్ని వందల రూపాయలు మాత్రమే. ఏ బీమాయు అక్కరలేదు, ఒక్క ఉదయము చాలును. దుకాణము తెరచు వేళ దాటునని, ఎవరైన చూచుదురని, ఆతడు ఇంతవరకు వెళ్ళలేదు.